నొప్పికి ఏ మాట వాడాలి: నర్సుల ఇంగ్లీషు కార్డుల పని డైరీ

జూన్, మొదటి వారం

నేను నర్సింగ్ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్తాను. సాయంత్రం పూట ఇంకో బ్యాచ్ ఉంటుంది. ఆసుపత్రుల్లో పనిచేస్తూ, బ్రిటన్ వెళ్ళడానికి ఓఈటీ పరీక్షకు (వైద్య సిబ్బందికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) తయారవుతున్న స్టాఫ్ నర్సులు వాళ్ళు. వాళ్ళకు వైద్యం బాగా తెలుసు, గ్రామర్ కూడా పర్వాలేదు. ఆగిపోయేది ఒక్కచోటే. మనకు ఒకే మాట సరిపోయేచోట ఇంగ్లీషులో నాలుగు మాటలు ఎదురైతే, ఏది ఎంచుకోవాలో తేలక టెన్షన్ పడిపోతారు. 'పెయిన్', 'ఏక్', 'సోర్', 'హర్ట్'. చిన్న నిఘంటువు ఏది తీసినా నాలుగింటికీ నొప్పి అనే ఉంటుంది. పర్యాయపదాలే కదా, ఏది వాడితే ఏముందిలే అనుకుంటే పరీక్షలో కుదరదు, వార్డులో అసలే కుదరదు.

అందుకే ఈ కార్డుల పని పెట్టుకున్నాను. ఒక్కో కార్డు మీద దగ్గరి అర్థాలున్న రెండు మూడు ఇంగ్లీషు మాటలు, వాటిలో ఎప్పుడు ఏది అన్న వివరం. మందపాటి ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే యూనిఫాం జేబులో పట్టే సైజు వస్తుంది. డ్యూటీ మధ్యలో తీసి చూసుకోవచ్చు. జబ్బుల పేర్లు, మందుల పేర్లు ఇందులో పెట్టను, అవి వాళ్ళను నిద్రలేపి అడిగినా చెప్తారు. నాకు కావాల్సినవి రోగి నోటి నుంచి వచ్చే మామూలు మాటలు, వాటికి నర్సు ఇచ్చే జవాబులో ఉండాల్సిన మాటలు.

ఓఈటీ తీరు చూస్తేనే ఈ ఎంపిక ఎంత ముఖ్యమో తెలుస్తుంది. రాత భాగంలో కేస్ నోట్స్ చదివి, ఆ రోగి గురించి ఇంకో వైద్య సిబ్బందికి ఉత్తరం రాయాలి. 45 నిమిషాల సమయం, దాదాపు 180 నుంచి 200 మాటలు. మాట్లాడే భాగంలో రెండు రోల్‌ప్లేలుంటాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు రోగిలాగానో, రోగి తాలూకు మనిషిలాగానో మాట్లాడతారు. అంటే ఉత్తరంలో 'అబ్డామినల్ పెయిన్' అని రాసిన నర్సే, రోల్‌ప్లేలో తల్లి పక్కన కూర్చున్న పిల్లాణ్ణి 'టమ్మీ' ఎక్కడ నొస్తోందని అడగాలి. నొప్పి అదే, వినే మనిషి మారాడు. కాబట్టి ప్రతి కార్డు మీదా 'ఎవరితో' అనే గడి ఒకటి ఉండాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. మామూలు పర్యాయపదాల పట్టికల్లో లేనిదీ, నాకు అన్నిటికంటే అవసరమనిపించేదీ ఈ గడే.

జూన్, రెండో వారం

ముందు నొప్పి దగ్గరే కూర్చున్నాను. వాక్యాలు వెతకడానికి బ్రిటిష్ నేషనల్ కార్పస్ వాడుతున్నాను. 10 కోట్ల మాటల సంచయం అది. తొంభై శాతం రాతలోది, పది శాతం మనుషులు మాట్లాడుకున్న మాట. 1994లో పూర్తయింది కాబట్టి ఈనాటి ఆసుపత్రి భాష అందులో దొరకదు. అయినా ఒక మాట పక్కన ఏ మాటలు వచ్చి కూర్చుంటాయో చూడటానికి చాలా బాగా పనికొస్తుంది. 'ఏక్' అని వెతికితే ఆ మాటను మధ్యలో పెట్టి, అటూ ఇటూ ఉన్న వాక్యాలను వరసగా చూపిస్తుంది. అలా ఒక గంట చదివితే నిఘంటువు చెప్పనిది కంటికే కనిపిస్తుంది.

'ఏక్' అంటే ఆగకుండా, అణిగి, చాలాసేపు ఉండే నొప్పి. దాని పక్కన 'డల్' సహజంగా వస్తుంది. 'షార్ప్' మాత్రం 'పెయిన్' పక్కనే నప్పుతుంది. ఇంకా ముఖ్యమైనది, 'ఏక్' కొన్ని శరీర భాగాలతోనే అతుక్కుని ఒకే మాట అవుతుంది. తల, పన్ను, చెవి, వీపు, కడుపు అంతే. 'హెడేక్' ఉంది, 'టూతేక్' ఉంది. కాలికీ చేతికీ మోకాలికీ అలాంటి మాట లేదు. అక్కడ 'పెయిన్ ఇన్ మై నీ' అనాలి, లేదా 'మై నీ హర్ట్స్'. ఎందుకు లేదంటే కారణమేమీ చెప్పలేం, వాడుక అలా స్థిరపడింది. ఇలాంటివి సూత్రంగా నేర్పడం కంటే ఆ ఐదు మాటలనూ నోటికి పట్టించడమే మేలు.

'హార్టేక్' అనే మాట కూడా ఉంది. అది మాత్రం గుండె నొప్పి కాదు, మనసు పడే బాధ, ప్రేమలోనో పోగొట్టుకున్నదాని మీదో కలిగే దిగులు. మనం గుండె నొప్పి అంటాం కాబట్టి 'హార్ట్ పెయిన్' అనో 'హార్టేక్' అనో నోటికి వచ్చేస్తుంది. ఆసుపత్రిలో దాని పేరు 'చెస్ట్ పెయిన్'. ఈ కార్డు అంచుకు ఎర్ర స్కెచ్ పెన్ను గీశాను.

అలా గీశాక ఒక ఆలోచన వచ్చింది. అన్ని తేడాలూ ఒకే బరువు ఉన్నవి కావు. కొన్నిచోట్ల వేరే మాట పడితే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అంతే. కొన్నిచోట్ల వైద్యమే మారిపోతుంది. రెండో రకం కార్డులకు ఎర్ర అంచు ఉండాలి. టైము తక్కువున్న నర్సు ముందు ఎర్రవి చదువుకుంటుంది.

'సోర్' గురించి కొంచెం. గొంతు, కళ్ళు, కండరాలు, రాసుకుపోయిన చర్మం: ముట్టుకున్నా కదిలించినా నొచ్చే చోటుకు చెప్పే మాట ఇది. 'సోర్ త్రోట్' అందరికీ తెలుసు. 'టెండర్' అంటే మామూలుగా ఊరుకున్నప్పుడు తెలియకపోయినా, నొక్కితే నొచ్చేది. డాక్టరు పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కి చూసి రాసే మాట. మన బ్యాచ్‌లో చాలామందికి టెండర్ అంటే కాంట్రాక్టర్లు వేసేదే గుర్తొస్తుంది కాబట్టి, ఈ కార్డు వెనక 'ముట్టుకుంటే నొప్పి' అని పెద్ద అక్షరాలతో రాశాను.

'హర్ట్' క్రియ. 'మై లెగ్ ఈజ్ పెయినింగ్' అని మన దగ్గర డాక్టర్లు కూడా అంటారు, మన దేశపు ఇంగ్లీషులో అది బాగా స్థిరపడిన వాడుక. బ్రిటన్‌లో వింటే ఆగి ఇంకోసారి అడుగుతారు. అక్కడ 'మై లెగ్ హర్ట్స్' అంటారు. ఇది ఎరుపు కాదు, తెల్ల కార్డు.

జూన్, చివరి వారం

మా పెద్దమ్మ కూతురు చాలా ఏళ్ళుగా యార్క్‌షైర్‌లో వార్డు నర్సుగా చేస్తోంది. నొప్పి కార్డులు ఫొటోలు తీసి పంపాను. రాత్రి ఫోన్ చేసింది.

"తమ్ముడూ, కార్డులు బాగున్నాయి గానీ నొప్పి ఉందా అని అడగడంతో మా పని అయిపోదురా. ఎలాంటి నొప్పి అని అడగాలి. అక్కడే మనవాళ్ళు తడబడతారు. పేషెంటు చెప్పిన మాటనే రాసుకోవాలి, దాన్ని మార్చి మన మాట పెట్టకూడదు."

"మాటలు చాలా ఉన్నాయి కదక్కా, వాటికి ఒక వరస ఉందా?"

"ఉంది. మెక్‌గిల్ వాళ్ళ జాబితా చూడు."

చూశాను. చూసిన రాత్రి నిద్ర పట్టలేదు, అంత ఉత్సాహం వచ్చింది. కెనడాలో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. నొప్పి సంకేతాలను వెన్నుపాములో ఒక తలుపు లాంటిది అదుపు చేస్తుందనే గేట్ సిద్ధాంతాన్ని ప్యాట్రిక్ వాల్‌తో కలిసి 1965లో ప్రకటించినాయన. 1971లో ఆయన టోర్గర్సన్ అనే సహచరుడితో కలిసి, నొప్పిని వర్ణించే 102 ఇంగ్లీషు మాటలను పోగుచేసి, దగ్గరి మాటలను గుంపులుగా పేర్చారు. ఒక్కో గుంపులో ఏ మాట తక్కువ నొప్పిని చెప్తుంది, ఏది ఎక్కువ చెప్తుంది అని డాక్టర్లనూ రోగులనూ విద్యార్థులనూ అడిగి బరువు తూచారు. దాని మీద 1975లో వచ్చిన ప్రశ్నావళిలో 78 మాటలు, 20 గుంపులు ఉన్నాయి.

వేడికి సంబంధించిన గుంపు చూడండి: 'హాట్', 'బర్నింగ్', 'స్కాల్డింగ్', 'సియరింగ్'. నాలుగూ మంటే. కానీ ఒకదాని కంటే ఒకటి ఎక్కువ. నాడి కొట్టుకున్నట్టుండే నొప్పుల గుంపులో 'పల్సింగ్', 'త్రాబింగ్', 'పౌండింగ్' లాంటివి. పొడిచే నొప్పుల్లో 'ప్రికింగ్' నుంచి 'స్టాబింగ్' దాకా, దాన్ని దాటి ఇంకా పైకి. పర్యాయపదాలను ఇంత శ్రద్ధగా, ఇంత అవసరమైన పనికోసం పేర్చిన పట్టిక నేనింకోటి చూడలేదు. కవులూ నిఘంటుకారులూ చేసే పనిని ఇక్కడ రోగుల నోటి మాటతో చేశారు. ఇవి ఒకదాని బదులు ఇంకోటి వాడే మాటలు కావనీ, వీటి మధ్య తేడా ఆధారంగా జబ్బు ఎక్కడుందో ఊహించవచ్చనీ వాళ్ళు గట్టిగా నమ్మారు. నరం నొప్పి ఉన్నవాళ్ళు 'షూటింగ్', 'టింగ్లింగ్', 'బర్నింగ్' అంటారు. పేగు మెలిపడినట్టుండే నొప్పికి 'క్రాంపింగ్' అంటారు.

జులై, మొదటి వారం

మెక్‌గిల్ జాబితాను బ్యాచ్‌లో పెట్టాను. ఇంగ్లీషు మాట చెప్పి అర్థం చెప్పకుండా, ముందు తెలుగులో మీ పేషెంట్లు నొప్పిని ఎలా చెప్తారో చెప్పమన్నాను. బోర్డు నిండిపోయింది.

సలుపుతోంది. పోటు పెడుతోంది. పొడిచినట్టుంది. మెలిపెడుతోంది. పిండేస్తోంది. లాగేస్తోంది. కాళ్ళు పీకుతున్నాయి. జివ్వుమంటోంది. చురచురలాడుతోంది. మంటగా ఉంది. బరువుగా ఉంది. పట్టేసింది. చీమలు పాకినట్టుంది. మొద్దుబారింది. కరీంనగర్ నుంచి వచ్చినావిడ "మా దగ్గర కాళ్ళు గుంజుతున్నయి అంటరు సార్" అంది. వెనక బెంచీలో ఒకావిడ కాళ్ళ తీపులు అనే మాట చెప్పింది, వాళ్ళ అత్తగారు రోజూ అనేదట.

ఇన్ని మాటలున్న భాషలోంచి వచ్చినవాళ్ళు, ఇంగ్లీషులోకి రాగానే 'సివియర్ పెయిన్' అనే ఒక్కదాని దగ్గర ఆగిపోతున్నారు. తేడాలు తెలియక కాదు, నిఘంటువు అన్నిటినీ నొప్పి అనే ఒక్క మాటలోకి కుదించి ఇచ్చింది కాబట్టి. అందుకే కార్డు నమూనా మార్చాను. ముందు వైపు తెలుగు మాట ఒంటరిగా ఉండదు. రోగి నోట వచ్చే పూర్తి వాక్యం ఉంటుంది. "రాత్రంతా పన్ను సలుపుతూనే ఉందమ్మా" అని ముందు వైపు, వెనక 'త్రాబింగ్'. "కడుపులో మెలిపెట్టినట్టు వస్తోంది, పోతోంది" అని ముందు వైపు, వెనక 'క్రాంపింగ్', దాని కింద 'కమ్స్ అండ్ గోస్'. "నడుములోంచి కాలి మడమ దాకా జివ్వున లాగుతోంది" అంటే 'షూటింగ్ పెయిన్ డౌన్ ది లెగ్'. "కాళ్ళు పీకుతున్నాయి" అంటే 'మై లెగ్స్ ఏక్'. పైన చెప్పిన అతుకుడు మాట లేకపోయినా క్రియగా 'ఏక్' కాలికి చక్కగా నప్పుతుంది. "చేతులు చీమలు పాకినట్టున్నాయి" అంటే 'టింగ్లింగ్'. "గిల్లినా తెలియట్లేదు" అంటే 'నంబ్'. ఈ చివరి రెంటికీ తెలుగులో కొందరు తిమ్మిరి అనే ఒక్క మాటే వాడేస్తారు, ఇంగ్లీషు చార్టులో రెండూ వేరువేరు. దీనికి ఎర్ర అంచు.

కొత్త నమూనాతో బ్యాచ్ చదివే తీరే మారింది. ఇదివరకు కార్డు తిప్పి బట్టీ పట్టేవాళ్ళు. ఇప్పుడు ముందు వైపు వాక్యం చదివి, "మా వార్డులో తాత ఇలాగే అన్నాడు సార్" అని మొదలుపెడుతున్నారు.

జులై, మూడో వారం

'సిక్', 'ఇల్'. రెండూ ఒంట్లో బాగాలేకపోవడమే అని అనుకుంటాం. బ్రిటన్ వార్డులో ఇది ఎర్ర కార్డుల్లోకెల్లా ఎర్రది.

అక్క చెప్పిన వాక్యమే కార్డు మీద పెట్టాను. పొద్దున్నే పేషెంటు 'ఐ వాజ్ సిక్ ట్వైస్ ఇన్ ది నైట్' అంటే రాత్రి రెండుసార్లు వాంతి అయిందని. 'ఐ ఫీల్ సిక్' అంటే కడుపులో తిప్పుతోంది, వాంతి వచ్చేలా ఉందని. మన నర్సు అది విని, అవును పాపం ఒంట్లో బాగాలేదు కాబట్టే కదా ఆసుపత్రిలో ఉన్నారు అనుకుంటే, చార్టులో వాంతి ఎక్కదు, దానికివ్వాల్సిన మందు పడదు, ఒంట్లో నీరు ఎంత పోయిందో లెక్క తేలదు. అమెరికాలో 'సిక్' అంటే మామూలుగా జబ్బు చేయడమే. అమెరికా వెళ్ళేవాళ్ళకు ఈ కార్డు వేరేగా రాయాలి.

వ్యాకరణంలో ఇంకో తేడా ఉంది. 'ఇల్' ఎక్కువగా క్రియ తర్వాత వస్తుంది, 'షీ ఈజ్ ఇల్' అని. నామవాచకం ముందు 'సిక్' నప్పుతుంది, 'ఎ సిక్ చైల్డ్' అని. ఉద్యోగానికి రాకపోతే 'ఆఫ్ సిక్' అంటారు, అక్కడ వాంతితో సంబంధం లేదు.

మూడోది 'పూర్లీ'. ఈ మాట నేను పాఠాల్లో ఎప్పుడూ చెప్పింది కాదు. అక్క ఉండే ఉత్తర ఇంగ్లండ్‌లో రోజూ వినపడుతుందట. జలుబు చేసిన పిల్లాడూ 'పూర్లీ'నే. కానీ వార్డులో ఒక నర్సు ఇంకో నర్సుకు డ్యూటీ అప్పగిస్తూ 'హీ ఈజ్ వెరీ పూర్లీ' అంటే, ఆ మనిషి పరిస్థితి నిజంగా బాగాలేదని అర్థం. మాట మెత్తగా ఉంటుంది, విషయం గట్టిది. "మొదటి నెలలో ఆ మాట వింటే ఏదో చిన్న నలత అనుకుంటారు, అది ముందే చెప్పు వాళ్ళకి" అంది అక్క. చెప్తాను. ఎర్ర అంచు గీశాను.

జులై, చివరి వారం

'అక్యూట్', 'సివియర్'. మన పత్రికల్లో, ఆరోగ్య పుస్తకాల్లో రెంటికీ తీవ్రమైన అని రాస్తారు. చాలామంది విద్యార్థుల మనసులో రెండూ ఒకటే అయిపోవడానికి కారణం ఇదే. 'సివియర్' అంటే తీవ్రతే, ఎంత ఉందన్న కొలత. 'అక్యూట్' కొలత కాదు, కాలం. హఠాత్తుగా మొదలై కొద్దికాలం ఉండేది. దానికి ఎదురుమాట 'క్రానిక్', నెలల తరబడి ఉండేది. అక్యూట్ నొప్పి కొంచెమే ఉండొచ్చు, క్రానిక్ నొప్పి భరించలేనంత ఉండొచ్చు. ఉత్తరం అందుకునే డాక్టరుకు ఈ ఒక్క మాటతో జబ్బు చరిత్ర సగం తెలిసిపోతుంది.

ఇక్కడా 'ఎవరితో' గడి పనికొచ్చింది. బ్రిటన్‌లో మామూలు జనం మాట్లాడేటప్పుడు 'క్రానిక్' అంటే ఘోరంగా ఉందని కూడా అర్థం. రోగి ఆ మాట అంటే నర్సు వెంటనే ఎన్నాళ్ళ నుంచి అని అడగాలి. అడగకుండా చార్టులోకి ఎక్కించకూడదు.

'ట్రీట్', 'క్యూర్', 'హీల్' కార్డు తేలిగ్గా అయిపోయింది. చికిత్స చేయడం, జబ్బు పూర్తిగా పోగొట్టడం, గాయం తనంతట తాను మానడం. మానడం అనే మన క్రియ 'హీల్'కు అచ్చంగా సరిపోతుంది. షుగర్‌ను ట్రీట్ చేస్తాం, క్యూర్ చేస్తామని రోగికి మాట ఇవ్వకూడదు. 'వూండ్', 'ఇంజురీ', 'అల్సర్' కూడా అంతే. గాయం, దెబ్బ, పుండు అని మనకు ముందే మూడు ఉన్నాయి. తెలుగు వాక్యం సరిగ్గా చెప్పుకుంటే ఇంగ్లీషు మాట దానంతట అదే దొరుకుతుంది.

ఆగస్టు, మొదటి వారం

బ్యాచ్‌లో ఒకమ్మాయి అడిగింది: "ఒకే దానికి ఇన్ని మాటలు ఎందుకు సార్? ఎవరు పెట్టారు?" క్లాసు ఆ రోజుకు దాని మీదే నడిచింది, నాకు చాలా నచ్చిన క్లాసు.

ఇంగ్లీషులో మాటలు పొరలు పొరలుగా చేరాయి. 'ఏక్', 'సోర్', 'సిక్', 'హీల్', 'వూండ్' పాత ఇంగ్లీషు మాటలు. 'ఇల్' స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ళు తెచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కొన్ని వందల ఏళ్ళపాటు ఫ్రెంచి మాటలు, వాటితోపాటు లాటిన్ మాటలు వచ్చి చేరాయి. 'పెయిన్', 'డిసీజ్', 'క్యూర్', 'ట్రీట్', 'ఇంజురీ' అలా వచ్చినవే. 'పెయిన్' మూలం శిక్ష, జరిమానా అనే అర్థమున్న లాటిన్ మాట. ఆ పైన డాక్టర్ల పుస్తకాల్లో గ్రీకు పొర ఉంది. కండరాల నొప్పికి 'మయాల్జియా', కీళ్ళ నొప్పికి 'ఆర్థ్రాల్జియా'. పాత పొరలోని మాటలు పొట్టిగా, ఇంట్లోవిగా ఉంటాయి. పై పొరకు వెళ్ళేకొద్దీ మాట పొడుగవుతుంది, మనిషికి దూరమవుతుంది, కాగితానికి దగ్గరవుతుంది.

ఇది తెలుగువాళ్ళకు కొత్త విషయం కాదు. తలనొప్పి అని ఇంట్లో అంటాం, శిరోవేదన అని ప్రకటనల్లో చదువుతాం. ఇల్లు కట్టుకుంటాం, గృహప్రవేశం చేస్తాం. ఎవరైనా డాక్టరు దగ్గరకు వెళ్ళి నాకు శిరోవేదనగా ఉందంటే డాక్టరు తలెత్తి చూస్తాడు. అమరకోశంలోనూ, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహంలోనూ పర్యాయపదాలు పద్యాల్లో వరసగా ఉంటాయి, అవి కంఠస్థం చేసే చదువు మన పెద్దవాళ్ళది. వరసలో అన్నీ సమానంగానే కనిపిస్తాయి. నోటికి వచ్చేసరికి ఏది ఎక్కడో చెవి చెప్తుంది. ఆ చెవి ఈ నర్సులకు తెలుగులో పుట్టుకతో ఉంది. ఇంగ్లీషులో దాన్ని కష్టపడి పెంచుకోవాలి, కానీ ఏం పెంచుకోవాలో వాళ్ళకు ముందే తెలుసు. ఇది చెప్పాక ఆ అమ్మాయి, "అంటే పేషెంటుతో కింది పొర, ఉత్తరంలో పై పొర" అంది. దాదాపు అంతే. పూర్తిగా అంతే కాదు, ఎందుకంటే 'పెయిన్' ఫ్రెంచి నుంచి వచ్చినా ఇప్పుడు పిల్లలు కూడా అనే మాట. అయినా దారి చూపడానికి చాలు. గోడకు తగిలించే చార్టుగా దీన్ని గీస్తున్నాను.

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళ రచనా నియమాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. జనం కోసం రాసే ఆరోగ్య సమాచారంలో మలమూత్రాలకు 'పూ', 'పీ' అనే ఇంటి మాటలే వాడమంటారు, అందరికీ అర్థమవుతాయని. మా బ్యాచ్‌లో కొందరికి ఇది మింగుడుపడలేదు. చదువుకున్న నర్సు అలా అనడమేమిటని. రోగికి అర్థం కాని గౌరవం కంటే అర్థమయ్యే మాటే గౌరవమని నా పట్టుదల. కార్డు ఉంచుతున్నాను.

ఆగస్టు, రెండో వారం

తల తిరగడం. మన దగ్గర ఆసుపత్రుల్లో 'గిడ్డీనెస్' అని రాస్తారు. బ్రిటన్‌లో రోగులు 'డిజ్జీ' అంటారు. 'గిడ్డీ' అంటే సంతోషంతో తల తిరిగినట్టు ఉండటం అనే అర్థం కూడా ఉంది. పెద్దవాళ్ళు 'ఐ హాడ్ ఎ ఫన్నీ టర్న్' అంటారు. నవ్వు తెప్పించే సంగతి కాదు, ఉన్నట్టుండి కళ్ళు తిరిగిందనో, సోలిపోబోయాననో చెప్తున్నారని అర్థం. ఎర్ర అంచు.

'డిజ్జీ' అన్నాక ఇంకో ప్రశ్న తప్పదు. 'వెర్టిగో'నా, 'లైట్‌హెడెడ్'నా? మొదటిదానిలో గది గిర్రున తిరిగినట్టుంటుంది, చాలాసార్లు లోపలి చెవి వ్యవహారం. రెండోదానిలో స్పృహ తప్పబోతున్నట్టుంటుంది, లేచి నిలబడగానే బీపీ పడిపోతే వచ్చేది ఇదే. తెలుగులో ఈ రెంటికీ వేరువేరు మాటలున్నాయి. గది గిర్రున తిరిగింది, కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ రెండు వాక్యాలే కార్డు ముందు వైపు పెట్టాను.

ఆగస్టు, మూడో వారం

చార్టు రాసే క్రియలు. 'పేషెంట్ కంప్లైన్స్ ఆఫ్ చెస్ట్ పెయిన్', 'డినైస్ స్మోకింగ్' అని రాయడం పాత అలవాటు. మొదటిదాంట్లో ఫిర్యాదు లేదు, రెండోదాంట్లో అబద్ధం లేదు, వైద్య భాషలో అవి మామూలు మాటలు. కానీ ఈ రోజుల్లో రోగులు తమ రికార్డులు తామే చదువుకుంటున్నారు. 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం ఇలాంటి మాటలు రోగిని చిన్నబుచ్చుతాయని వాదించింది. 'రిపోర్ట్స్' అని రాస్తే ఎవరికీ నొప్పి లేదు. మందు వద్దన్న రోగి గురించి 'రెఫ్యూజ్డ్' అని రాయొచ్చు, 'డిక్లైన్డ్' అనీ రాయొచ్చు. మొదటిది మొండికేసినట్టు వినిపిస్తుంది, రెండోది తనకున్న హక్కుతో వద్దన్నట్టు. రెంటిలోనూ రోగి మందు వేసుకోలేదు. ఏది రాస్తే తర్వాతి షిఫ్టు నర్సు ఆ మంచం దగ్గరకు ఏ మనసుతో వెళ్తుందో ఆలోచించమని బ్యాచ్‌ను అడిగాను. మా ఊరి వార్డుల్లో చూసిన సంగతులు చాలాసేపు చెప్పుకున్నారు.

చావు గురించిన కార్డు రాయడానికి ఎక్కువ సమయం తీసుకున్నాను. మన ఆసుపత్రుల్లో "ఎక్స్‌పైర్ అయ్యారు" అంటారు, డెత్ రికార్డుల్లోనూ అదే. మర్యాదగా ఉంటుందని. అక్క అంది: "ఇక్కడ ఎక్స్‌పైర్ అయ్యేది మందుల స్ట్రిప్, పాల సీసా. మనిషి విషయంలో అలా అంటే ఇంట్లోవాళ్ళకు ఎంత కష్టంగా ఉంటుందో." ఇంట్లోవాళ్ళకు చెప్పేటప్పుడు 'డైడ్' అనే మాటే సూటిగా వాడమని అక్కడి శిక్షణలో నేర్పుతారు. 'వి లాస్ట్ హిమ్' అంటే, కంగారులో ఉన్న మనిషికి అది ఏమిటో తట్టకపోవచ్చు. బంధువులే 'పాస్డ్ అవే' అంటే, ఆ తర్వాత నర్సు కూడా అదే మాట అనొచ్చు.

మా బ్యాచ్‌కు 'డైడ్' చాలా మొరటుగా అనిపించింది. తెలుగులో చనిపోయారు అనడానికి కూడా వెనకాడి, పోయారు అనో, కాలం చేశారు అనో అంటాం. కానీ ఆ మాటలు తెలుగు చెవికి సందేహం మిగల్చవు. ఇంకో భాషలో, ఇంకో దేశంలో, ముందెప్పుడూ చూడని మనిషికి చెప్పేటప్పుడు ఆ భరోసా లేదు. ఈ కార్డుకు ఎర్ర అంచు గీశాను, వెనక 'ఎవరితో' గడిలో మూడు వరసలు రాశాను: ఇంట్లోవాళ్ళతో, డాక్టరుతో, రికార్డులో. మూడింట్లోనూ ఒకే మాట ఉన్న కార్డు ఇదొక్కటే.

ఆగస్టు, చివరి వారం

మొదటి విడత కార్డులు ప్రింటుకు సిద్ధం. కత్తిరించి, మూల ఒకటి చిల్లుపెట్టి రింగు వేస్తున్నాం. ల్యామినేషన్ చేస్తే చేతులు కడుక్కుంటూ తాకినా పాడవవు, కానీ దాని మీద పెన్నుతో రాసుకోలేరు. నర్సులు తమ వార్డులో విన్న కొత్త వాక్యం కార్డు వెనక రాసుకోవాలని నాకుంది, అందుకే ల్యామినేషన్ వద్దనుకున్నాను.

తర్వాతి విడతకు వాపు, గడ్డ, బొప్పి, కణితి. ఇంగ్లీషులో 'స్వెల్లింగ్', 'లంప్', 'బంప్', 'ట్యూమర్'. మొదటి మూడూ కుదిరాయి. రోగి రొమ్ములో గడ్డ చేతికి తగిలిందని చెప్తే, పరీక్షలు కాకముందు నర్సు నోట 'ట్యూమర్' రాకూడదు, 'లంప్' అనే అనాలి. అంతవరకు తేలింది. ఆ తర్వాత "అంటే క్యాన్సరా?" అని రోగి అడిగితే ఏం చెప్పాలన్నది మాటల ఎంపికతో తేలేది కాదు, దానికి వార్డు అనుభవం కావాలి. ఆ కార్డు వెనక వైపు ఖాళీగా ఉంచి అక్కకు పంపాను, ఆమె రాసి పంపుతానంది.